చిల్లు కాదు, బెజ్జం

(విశాఖపట్నంలో ఒక మహిళా డిగ్రీ కళాశాల విద్యార్థినులకు, గవ్వలు, ముత్యాలతో చెవిపోగులు తయారుచేసే ఒక మహిళ ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసలకు వినిపిస్తోందా? ఫ్యాను చప్పుడు ఎక్కువగా ఉంది, కొంచెం గట్టిగానే మాట్లాడతాను.

ముందు ఒక వస్తువు చూపిస్తాను. (సంచీలోంచి ఒక ఆల్చిప్ప తీసి పైకెత్తి చూపించారు.) ఇది ఆల్చిప్ప అని అందరికీ తెలుసు. మధ్యలో ఈ కన్నం ఎందుకుందో ఎవరైనా చెప్పగలరా? లాకెట్టా? కాదమ్మా. ఇది మా నాయనమ్మ మామిడికాయ చెక్కు తీసే పనిముట్టు. ఆవకాయ కాలం వచ్చిందంటే, మాగాయకి ఇంట్లో నలుగురైదుగురు చుట్టూ కూర్చుని ఇలాంటి చిప్పలతోనే కాయలు చెక్కేవారు. చిప్ప ఉబ్బుగా ఉన్న వైపు గరుకు రాతి మీద పెట్టి రుద్దుతూ పోతే అక్కడ అరిగి కన్నం పడుతుంది. ఆ కన్నం అంచు కత్తిలా తయారవుతుంది. కాయ మీద పెట్టి లాగితే చెక్కు సన్నగా చుట్టలు చుట్టుకుని ఆ కన్నంలోంచి పైకొస్తుంది. ఇప్పుడు మీ వంటింట్లో ఉన్న పీలర్ చేసే పని సరిగ్గా ఇదే.

నాకు ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో ఉంటాయి. ఒక చిప్ప నా చేతికిచ్చి అరగదీయమంది. నేను ఆత్రంకొద్దీ పొడిగా, గట్టిగా రుద్దాను. ఫెళ్లున రెండు ముక్కలైంది. ఆవిడ తిట్టలేదు. ఇంకో చిప్ప ఇచ్చి, పక్కన చెంబుతో నీళ్లు పెట్టి, "తడుపుకుంటూ రుద్దవే, నొక్కమాకు, దాని మానాన అదే అరుగుద్ది" అంది. తరవాత నేను ఎన్ని వీడియోలు చూసినా, ఎంత ఖరీదైన డ్రిల్లు కొన్నా, ఆ రోజు రాతి మీద నేర్చుకున్నదే ఇప్పటికీ తిండి పెడుతోంది.

ఇవాళ్టి పోస్టర్ మీద "గవ్వలు, ముత్యాలతో చెవిపోగులు" అని వేశారు. నిజానికి మనం మాట్లాడబోయేది కన్నాల గురించి. గవ్వకు ఒకటి, ముత్యానికి ఒకటి, చెవికి ఒకటి. ఈ మూడూ సరిగ్గా ఉంటే డిజైన్ ఎలాగో ఒకలా కుదురుతుంది. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తేడా వచ్చినా ఎంత గొప్ప డిజైనైనా డబ్బాలోనే ఉండిపోతుంది.

మన భాషలో దీనికి రెండు మాటలున్నాయి, గమనించారా? కుండకు పడేది చిల్లు. సూదికి ఉండేది బెజ్జం. ముత్యానికి వేసేదీ బెజ్జమే, చెవికి ఉండేదీ బెజ్జమే. దానంతటది పడి నష్టం తెచ్చేదాన్ని చిల్లు అన్నారు, మనిషి కావాలని ఒక పని కోసం వేసుకునేదాన్ని బెజ్జం అన్నారు. అందుకే చేతిలో డబ్బు లేకపోతే చిల్లిగవ్వ లేదంటాం. గవ్వలు డబ్బుగా చలామణీ అయిన రోజుల మాట అది. మాల్దీవుల నుంచి ఓడల్లో వచ్చేవి ఆ గవ్వలు. మనకు పక్కనే, ఒడిశాలో, బ్రిటిష్ వాళ్లు వచ్చేదాకా గవ్వలతోనే లావాదేవీలు. శిస్తు గవ్వల్లో వద్దు, వెండి రూపాయల్లోనే కట్టమని వాళ్లు పట్టుబట్టడం 1817లో అక్కడి పాయికలు అనే సైనికులు చేసిన తిరుగుబాటుకు ఒక కారణం. అంతటి గవ్వకు చిల్లు పడితే విలువ పోయింది. మన చేతిలో పడి అదే గవ్వకు బెజ్జం పడితే జత రెండొందలు. (నవ్వులు)

సరే, పనిలోకి వద్దాం. ముందు గవ్వలు ఎక్కడివి?

మీరందరూ ఆర్కే బీచ్‌కో, భీమిలికో వెళ్లి ఏరుకొద్దామని అనుకుంటారు. ఏరుకోండి, కానీ రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. మొదటిది, లోపల ప్రాణి ఉన్నదాన్ని ముట్టుకోవద్దు. గుల్ల తిరగేసి చూడండి. లోపల మెత్తగా కదిలినా, చిన్న కాళ్లు కనపడినా అక్కడే వదిలేయండి. సన్యాసి పీతలు ఖాళీ గుల్లల్లోనే కాపురం ఉంటాయి, వాటికి వేరే ఇల్లు లేదు. రెండోది చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాల్లోకి 2001లో కొన్ని శంఖాలు, గుల్లలు చేరాయి. నాటిలస్, పెద్ద ట్రైటన్ శంఖం, కొమ్ముల హెల్మెట్ శంఖం, ట్రోకస్, టర్బో, సాలీడు కాళ్లలా వేళ్లు చాచి ఉండే లాంబిస్ జాతివి కొన్ని ఆ జాబితాలో ఉన్నాయి. పగడపు దిబ్బల ముక్కలు కూడా అంతే. బీచ్ దగ్గర తోపుడుబండి మీద అమ్ముతున్నారు కదా, అంటే తప్పు కాదేమో అనుకోకండి.

ఇందులో నాకు బాగా మనసు కష్టపెట్టింది ఒకటుంది. కాకినాడ అఖాతంలో దొరికే ఒక ఆల్చిప్ప. గుండ్రంగా, బల్లపరుపుగా, పలచగా ఉంటుంది, ఎండకెత్తి పట్టుకుంటే వెలుతురు అవతలికి దూరుతుంది. గోవాలో పాత ఇళ్ల కిటికీలకు అద్దాల బదులు వాడింది ఆ రకాన్నే. దాంతో లోలాకులు చేస్తే గాలికి సన్నగా గలగలమంటాయి. మొదట్లో కొన్ని చేశాను కూడా. అది కూడా 2001 జాబితాలో ఉందని తరవాత తెలిసింది. మానేశాను. ఇప్పుడు అలాంటి పలచదనం కావాలనుకున్నప్పుడు గోదావరి కాలవల్లో దొరికే మామూలు మంచినీటి ఆల్చిప్పల ఖాళీ చిప్పలు వాడుతున్నాను. బయట నల్లగా ఉంటుంది, లోపల చూడండి ఎంత మెరుపో. కూరకో, మేతకో వాడేశాక పారేసే చిప్పలివి.

చిన్న గవ్వలు, మనం అష్టాచెమ్మా ఆడుకునేవి, బజార్లో కొనుక్కోవచ్చు. పూజా సామాగ్రి కొట్లలో కిలోల లెక్కన దొరుకుతాయి. లక్ష్మీదేవి దగ్గర పెట్టడానికి కొంటారు కదా, అవే. ఒక వంద ఏరితే అందులో జతకు కుదిరేవి ఓ పాతిక జతలు వస్తాయి. మిగతావి వంకరో, పన్ను విరిగినవో, చుక్కలున్నవో.

కడగడం గురించి నా తెలివితక్కువ పని ఒకటి చెప్తాను. ఇత్తడి బిందెను చింతపండుతో తోమితే తళతళలాడుతుంది కదా, ముత్యపు చిప్పకు ఎందుకు పనికిరాదు అనుకున్నాను. మంచి మంచి చిప్పలు ఓ ఇరవై ఏరి, రాత్రి చింతపండు నీళ్లలో నానేశాను. పొద్దున్న చూస్తే మెరుపంతా పోయి, పాతగోడ మీద సున్నంలా తెల్లగా, గరుకుగా తయారయ్యాయి. సున్నమే కదా మరి! గుల్లసున్నం కాల్చేది వీటితోనే. గుల్లకు, గవ్వకు, ముత్యానికి కూడా ఒంట్లో ఉన్నది కాల్షియం కార్బొనేట్. పులుపు తగిలిందంటే బుసబుసమని కరిగిపోతుంది. నిమ్మకాయ, వెనిగర్, చింతపండు, ఆఖరికి మన చెమట కూడా దానికి శత్రువే. మామూలు నీళ్లు, కొంచెం షాంపూ, పాత టూత్‌బ్రష్, అంతే. వాసన వస్తుంటే రెండు మూడు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టి, నీడలో ఆరబెట్టండి.

ఇప్పుడు బెజ్జం.

గవ్వకు నిజానికి డ్రిల్లు అక్కర్లేదు. లంబాడీ ఆడవాళ్ల దుస్తుల మీద కుట్టే గవ్వలు ఎప్పుడైనా తిరగేసి చూశారా? వీపు ఉండదు. పైన ఉబ్బెత్తుగా ఉండే భాగం తీసేసి ఉంటుంది. అప్పుడు కింద పళ్లున్న చీలికలోంచి దారం దూర్చి, వీపు వైపు తీయొచ్చు. బట్ట మీద బల్లపరుపుగా కూర్చుంటుంది, బరువు కూడా తగ్గుతుంది. చెవికి కావాల్సింది సరిగ్గా ఈ రెండే. మా నాయనమ్మ ఆల్చిప్ప పద్ధతే ఇక్కడా. సానరాయి మీదో, గరుకు టైల్ ముక్క మీదో నీళ్లు పోసి, గవ్వ వీపు పెట్టి గుండ్రంగా రుద్దండి. పది నిమిషాలకు మధ్యలో సూదిమొనంత నల్లచుక్క కనిపిస్తుంది. అదే కన్నం మొదలు. అక్కడి నుంచి తొందరగా పెద్దదవుతుంది కాబట్టి చెయ్యి ఇంకా తేలిక చెయ్యండి. అందరూ అక్కడే సంబరపడి నొక్కేస్తారు, అక్కడే పగులుతుంది.

పలచటి చిప్పలకు మాత్రం డ్రిల్లు కావాలి. కరెంటుది కొనకండి, మొదట్లో చేతి డ్రిల్లు చాలు. పెన్నులా ఉంటుంది, వేళ్లతో తిప్పడమే. ఒక మిల్లీమీటరు బిట్టు. స్టీలు పళ్లెంలో పాత సబ్బు బిళ్ల పెట్టి, దాని మీద చిప్ప పెట్టండి, జారదు. చిప్ప మునిగీ మునగనట్టు నీళ్లు పోయండి. గుర్తు పెట్టిన చోట ముందు లావు సూదితో చిన్న గాటు పెట్టుకోవాలి, లేకపోతే బిట్టు నున్నటి మెరుపు మీద జారి గీత పడిపోతుంది. మెరుపు వైపు నుంచి మొదలెట్టండి. ఎందుకంటే అవతలికి పొడుచుకొచ్చే చోట పెచ్చు లేస్తుంది. లేస్తే వెనక వైపు లేవనివ్వండి. నీళ్లు వేడిని తగ్గించడానికే కాదు, పొడి గాల్లోకి లేవకుండా కూడా. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు. నీళ్లలో చేసినా సరే, అరగదీసేటప్పుడు మాస్కు పెట్టుకోండి.

బెజ్జం ఎక్కడ వెయ్యాలి? దీనికి నేను కంటిని నమ్మను. చిప్ప పైఅంచున చిన్న టేపు ముక్కతో దారం అంటించి, గాల్లో వేలాడదీసి చూస్తాను. ఎటు ఒరుగుతుందో తెలుస్తుంది. టేపు కొంచెం జరిపి మళ్లీ చూస్తాను. నిటారుగా నిలబడిన చోట పెన్సిల్‌తో చుక్క. రెండో చెవిది దాని ప్రతిబింబంలా ఉండాలి, అచ్చు గుద్దినట్టు కాదు. కుడి చెవిది కుడికి వంగితే ఎడమ చెవిది ఎడమకు వంగాలి. ఈ తేడా తెలియక మొదట్లో చేసిన జతలు పెట్టుకుంటే, మనిషి మెడ వంకరగా ఉందేమో అనిపించేది.

ఇంకో చిక్కు. చిప్పకు ముందు నుంచి వెనక్కి బెజ్జం వేసి, అందులో ఒక జంప్ రింగు, అంటే తెరిచి మూసే చిన్న తీగ రింగు వేసి, కొక్కేనికి తగిలిస్తే, చూసేవాళ్లకు చిప్ప అంచు కనిపిస్తుంది, మొహం కనపడదు. పక్కకి తిరిగిపోతుంది. కంగారు పడక్కర్లేదు. మధ్యలో ఇంకో రింగు వేస్తే పావువంతు తిరిగి ముందుకొస్తుంది. గొలుసులో ఒక లింకుకూ ఇంకో లింకుకూ అడ్డం నిలువు తేడా ఉంటుంది చూడండి, అదే సూత్రం. రింగును తెరిచేటప్పుడు రెండు చివరలూ ఎడం చేసి లాగకండి, గుండ్రం పోతుంది. ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి మెలితిప్పి తెరవండి, అలాగే మెలితిప్పి మూయండి.

ఇక ముత్యాలు.

స్వాతి కార్తెలో పడ్డ వానచినుకు ఆల్చిప్ప నోట్లో పడితే ముత్యమవుతుందని మన పెద్దవాళ్లు చెప్పేవారు. వినడానికి ఎంత బాగుంటుందో! కానీ చినుకుతో ఆల్చిప్పకు పనిలేదు. లోపలికి ఏదో పురుగో, ఇంకేదో చేరితే, దాన్ని వదిలించుకోలేక దాని చుట్టూ పొర మీద పొర కప్పుకుంటుంది. తన చిప్ప లోపలి మెరుపును తయారుచేసే సరుకుతోనే. ఒక్కో పొర వెంట్రుక కంటే ఎంతో సన్నం, ఒక మిల్లీమీటరులో వెయ్యో వంతు కంటే కూడా తక్కువ. అలాంటివి వేల పొరలు. వెలుతురు ఆ పొరల మధ్య చిక్కుకుని తిరిగి వస్తుంది కాబట్టే ముత్యం లోపలి నుంచి వెలిగినట్టు ఉంటుంది. జపాన్‌లో మికిమోటో 1893లో అరముత్యాన్ని, అంటే చిప్పకు అంటుకుని సగం గుండ్రంగా ఉండే ముత్యాన్ని పెంచి చూపించాక, ఈ పని మనిషి కూడా చేయించగలడని తేలింది. మన దేశంలో తూత్తుకుడి దగ్గర 1973లో మొదటిసారి పెంచారు. ఇవాళ బజార్లో మనం కొనేవాటిలో ఎక్కువ భాగం చైనాలో మంచినీటి చెరువుల్లో పెంచినవి. అక్కడ ఒక్కో ఆల్చిప్పలో డజన్ల కొద్దీ ముత్యాలు పండిస్తారు. పంట అనే అంటున్నాను, అది పంటే.

మరి హైదరాబాద్ ముత్యాలో, అని అడుగుతారు. హైదరాబాద్‌కు సముద్రం ఎక్కడుంది? నవాబుల కాలంలో బస్రా ముత్యాలు గల్ఫ్ నుంచి వచ్చేవి, ఇప్పుడు చైనా నుంచి వస్తున్నాయి. హైదరాబాద్‌కు పేరొచ్చింది ముత్యం పుట్టినందుకు కాదు, బెజ్జం వేసినందుకు. బెజ్జం వెయ్యడం, శుభ్రం చెయ్యడం, సైజు వారీగా, రంగు వారీగా ఏరడం, దండ గుచ్చడం. నేను మొదటిసారి చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టీ బజారుకి వెళ్లినప్పుడు కొట్లో ఒక పెద్దాయన ముత్యాలను నల్లగుడ్డ మీద పోసి, చూపుడువేలితో ఇటొకటి అటొకటి నెడుతూ జతలు తీస్తున్నారు. కళ్లు ఇటూ అటూ తిప్పినట్టు కూడా లేదు. "ఎలా తెలుస్తుంది భయ్యా" అంటే, "నలభై ఏళ్ల నుంచి ఇదే చూస్తున్నానమ్మా, ఇంకేం చూడను" అన్నారు.

ముత్యానికి బెజ్జం ఒక వైపు నుంచి అవతలికి పొడిచెయ్యరు. సగం దాకా ఇటు నుంచి, సగం అటు నుంచి వేసి మధ్యలో కలుపుతారు. అప్పుడే రెండు అంచులూ పెచ్చు లేవకుండా ఉంటాయి. ఆ రెండూ సరిగ్గా కలవకపోతే లోపల మెట్టు పడుతుంది, వైరు సగంలో ఆగిపోతుంది. మీరు ఎప్పుడైనా ముత్యంలో వైరు దూర్చి దూర్చి విసుగెత్తితే తప్పు మీది కాదు, తిప్పి రెండో వైపు నుంచి ప్రయత్నించండి.

అసలో నకిలీనో కూడా ఆ బెజ్జమే చెప్తుంది. పళ్ల మీద రుద్దితే అసలుది గరగరలాడుతుందని అంటారు, నిజమే, కానీ కొట్లో అందరి ముందు ముత్యాలు కొరుకుతూ కూర్చోలేం కదా. (నవ్వులు) చిన్న భూతద్దం ఒకటి కొనుక్కోండి. బెజ్జం అంచు చూడండి. ప్లాస్టిక్, గాజు పూసలకు పైన మెరుపు పూత వేస్తారు. బెజ్జం దగ్గర ఆ పూత పొట్టులా లేచి, లోపల వేరే రంగు కనిపిస్తుంది. అసలు ముత్యానికి అంచు పదునుగా, పైనా లోపలా ఒకే సరుకులా ఉంటుంది. లోపల పూస పెట్టి పెంచిన ముత్యమైతే, ఒక సన్నని గీత దగ్గర ముత్యం పొర ఎక్కడ అయిపోయి పూస ఎక్కడ మొదలైందో కూడా తెలుస్తుంది. ఆ పొర మరీ పలచగా ఉంటే కొనకండి, కొన్నాళ్లకే మెరుపు పోతుంది.

ఇప్పుడు కొలతలు. దీంట్లో మీరందరూ ఒకసారి మోసపోతారు, ముందే చెప్తున్నాను. వీడియోలో ఇరవై గేజ్ వైరు అంటారు, గేజ్ అంటే వైరు మందం లెక్క. మీరు బజారుకెళ్లి ఇరవై గేజ్ అడిగి తెచ్చుకుంటారు. అది ముత్యంలో దూరదు. ఎందుకంటే వాళ్లది అమెరికా గేజ్, మనవాళ్లు ఇచ్చేది చాలాచోట్ల బ్రిటిష్ గేజ్. అమెరికా ఇరవై అంటే 0.81 మిల్లీమీటర్లు, బ్రిటిష్ ఇరవై అంటే 0.91. గేజ్ మాట మర్చిపోయి మిల్లీమీటర్లలో అడగండి. మంచినీటి ముత్యాల బెజ్జం చాలావాటికి 0.7 లోపే ఉంటుంది. అందుకని చెవి కొక్కేనికి 0.8 వాడినా, ముత్యంలో దూరే హెడ్‌పిన్, అంటే ముత్యం జారిపోకుండా ఒక చివర చిన్న గుండు ఉన్న వైరు, 0.5 ఉండాలి. ఒకే వైరుతో రెండు పనులూ చేద్దామంటే కుదరదు. బెజ్జం పెద్దది చెయ్యాల్సి వస్తే సూదిమొనలాంటి చిన్న ఆకురాయి దొరుకుతుంది. దాన్ని కూడా నీళ్లలోనే తిప్పాలి.

హెడ్‌పిన్ ముడి ఎలా వెయ్యాలో బల్ల దగ్గర చేసి చూపిస్తాను, ఇక్కడ మాటల్లో ఒక్కసారి. ముత్యం గుచ్చాక పైన మిగిలిన వైరును, ముత్యం పక్కనే కాకుండా రెండు మిల్లీమీటర్లు పైన, పటుకారుతో పట్టుకుని మడవాలి. ఆ రెండు మిల్లీమీటర్లు మెడ అన్నమాట. మడిచినదాన్ని గుండ్రటి మొన పటుకారు చుట్టూ తిప్పితే తలలా ఒక చుట్టు వస్తుంది. మిగిలిన తోకను ఆ మెడ చుట్టూ రెండున్నర చుట్లు తిప్పి కత్తిరించి, కొసను లోపలికి నొక్కెయ్యాలి. వేలు రాసి చూడండి, గుచ్చుకోకూడదు. మెడ వదలకుండా మడిచారనుకోండి, చుట్లు వెయ్యడానికి చోటుండక, బలవంతంగా తిప్పితే ముత్యం అంచు చిట్లుతుంది. నా డబ్బాలో అలా పోయిన ముత్యాలు ఇంకా దాచుకున్నాను.

దుద్దుల్లా అంటించేవాటికి సగం బెజ్జం ముత్యాలు అడగండి. ఒక వైపే, మధ్యదాకానే వేస్తారు. దుద్దు పుల్ల అందులో దిగి జిగురుతో పట్టుకుంటుంది. జిగురు అంటే రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ. క్షణంలో అంటుకునే గమ్ మాత్రం వద్దు. ఇది నాకు ఎలా తెలిసిందంటే, మొదటి ఏడాది మా ఊళ్లో ఒక పెళ్లికి పన్నెండు జతలు ఆర్డరొచ్చింది. పెళ్లికూతురు చెల్లెళ్లకి, వదినలకి. రాత్రికి రాత్రి కూర్చుని ఇన్‌స్టంట్ గమ్‌తో లాగించేశాను. పొద్దున్న చూస్తే ముత్యాల మీద మంచు పట్టినట్టు తెల్లటి పొర. ఆ గమ్ ఆవిరికి అలా అవుతుంది. తుడిచి తుడిచి ఇచ్చాను. పెళ్లి మే నెలలో, టెంటు కింద ఎండ. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒక ముత్యం ఊడి పప్పుచారులో పడింది. ఎవరి విస్తట్లో పడిందో ఆవిడ కంది బద్దనుకుని పక్కన పెట్టారట! ఆవిడ ఇప్పటికీ ఎక్కడ కనిపించినా "ఏమ్మా, చారు ముత్యం" అని పిలుస్తారు. పుల్లను శాండ్‌పేపర్‌తో గరుకు చేసి, ఎపాక్సీ పెట్టి, ఒక రోజంతా కదపకుండా ఉంచితే ఈ టెన్షన్ ఉండదు. రోజు లేదంటే ఆర్డరు ఒప్పుకోకండి.

మూడో బెజ్జం చెవిది. మనం వేసేది కాదు కాబట్టి దాన్ని చాలామంది పట్టించుకోరు. కొక్కెం చవకలో వస్తుందని కొంటే అందులో నికెల్ ఉంటుంది. కొంతమందికి అది పడదు. చెవి ఎర్రబడి, దురదపెట్టి, నీరు కారుతుంది. ఒక్కసారి పడకపోవడం మొదలైతే జన్మంతా పడదు. యూరప్‌లో చెవి బెజ్జంలోకి వెళ్లే పుల్ల నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.2 మైక్రోగ్రాములకు మించి నికెల్ వదలకూడదని నిబంధన ఉంది. మనం అంత కొలవలేం, కానీ కొక్కేనికి మాత్రం 925 వెండి వాడొచ్చు. జత మీద ఖర్చు పెరుగుతుంది, పెరగనివ్వండి. డిజైన్‌లో మిగతా చోట ఇత్తడి వాడుకోండి. ఇత్తడి మన విశాఖ గాలికి పచ్చబడుతుంది, అది తుడిస్తే పోతుంది. చెవి పుండు తుడిస్తే పోదు.

బరువు. ఒక చిన్న డిజిటల్ కాటా కొనండి. నేను పెట్టుకున్న హద్దు ఒక్కో చెవికి పది గ్రాములు. అది దాటితే డిజైన్ మారుస్తాను. మన అమ్మమ్మల చెవులు చూశారుగా, బెజ్జం సాగి సాగి కిందికి చీలికలా అయిపోయి ఉంటుంది. వాళ్లేం తెలివితక్కువ వాళ్లు కాదు. పెద్ద బుట్టకమ్మలు పెట్టుకుంటే మాటీలు కూడా పెట్టేవారు. మాటీ అందం కోసం అనుకుంటాం కానీ, అది బరువును చెవి మీంచి తీసి జుట్టుకు అప్పగిస్తుంది. గవ్వలతో పెద్ద లోలాకులు చేసినప్పుడు నేను ఇప్పటికీ సన్న గొలుసుతో మాటీ జత చేసి ఇస్తున్నాను. మీ వయసు పిల్లలు అది ఫ్యాషన్ అనుకుని అడిగి మరీ కొంటున్నారు.

(ప్రశ్న: మేడమ్, ముత్యాలు పాడవకుండా కొన్నవాళ్లకి ఏం చెప్పాలి?)

మంచి ప్రశ్న. పౌడరు, సెంటు, హెయిర్ స్ప్రే అన్నీ అయ్యాక ఆఖరున పెట్టుకోమనండి. తలంటు రోజున తీసి పక్కన పెట్టాలి. వచ్చాక తడిగుడ్డతో తుడవాలి, పొడిగుడ్డతో కాదు. గాలిలో దుమ్ములో ఇసుక ఉంటుంది, అది ముత్యం కంటే చాలా గట్టిది, పొడిగా తుడిస్తే గీతలు పడతాయి. ప్లాస్టిక్ కవర్లో కట్టి బీరువాలో ఏళ్లకేళ్లు పడెయ్యొద్దు. నూలుగుడ్డ సంచీలో పెట్టుకుంటే చాలు. ముత్యాలు పెట్టుకుంటే బాగుంటాయి, దాచుకుంటే పాలిపోతాయి.

(ప్రశ్న: ధర ఎలా పెట్టాలి?)

సరుకు ఖర్చు రాసుకోండి, మీరు కూర్చున్న గంటలు రాసుకోండి, పగిలినవి కూడా రాసుకోండి. దండలా గుచ్చి అమ్మే పదహారు అంగుళాల లైనులో ఏడెనిమిది మిల్లీమీటర్ల ముత్యాలు యాభై దాకా ఉంటాయి. కానీ యాభైలో పాతిక జతలు రావు. పోయినసారి నాకు పందొమ్మిది వచ్చాయి. మిగతా పన్నెండూ ఒంటరివి. ఆ పన్నెండింటి ధర ఈ పందొమ్మిది జతలే మొయ్యాలి. నేను కొన్నాళ్లు ఆ లెక్క వెయ్యక, నష్టానికే అమ్ముతూ బాగా అమ్ముడుపోతున్నాయని మురిసిపోయాను. ఇప్పుడు ఆ ఒంటరి వాటిని గవ్వ కింద ఒకటి, చిప్ప కింద ఒకటి వేలాడదీసి, రెండు చెవులకూ రెండు రకాలుగా అమ్ముతున్నాను. అది కూడా ఫ్యాషనే అట.

సరే, మాటలు చాలు. బల్లల మీద పళ్లేల్లో నీళ్లు పోసి ఉంచారు. ఒక్కొక్కరికి మూడు గవ్వలు, ఒక టైల్ ముక్క. మాస్కులు ఆ మూల డబ్బాలో ఉన్నాయి. గోళ్లు పొడుగ్గా ఉన్నవాళ్లు జాగ్రత్త, రాయికి గవ్వ కంటే గోరే ముందు అరుగుతుంది. మొదటి గవ్వ అందరిదీ పగులుతుంది, దాని గురించి నన్నేం అడగొద్దు. పగిలిన ముక్కలు మాత్రం చెత్తబుట్టలో వెయ్యకండి. ఈ ఆల్చిప్పలో వెయ్యండి, కన్నం మీద వేలు పెట్టి పట్టుకుంటాను. ఆ ముక్కలన్నీ నాకు కావాలి.